ఎల్లన్న అడిగిన పొట్టు

"ఆగు తమ్మి. గింజల ముచ్చట ఎన్కసిరి జెప్దువు. ముందుగాల గిది జెప్పు. రెండువేల ఏండ్లన్నోడు ఉన్నడు గదా, ఆడే వచ్చి నాది తప్పయిందని ఒప్పుకున్నడా, వేరేటోళ్లు పోయి తప్పు వట్టిన్రా?"

వేరేవాళ్లే పట్టారని చెప్పాను.

"మరి అన్నోడు ఏమంటుండు?"

ఆ సంగతి పేపర్లో లేదన్నాను. ఎల్లన్న చేతిలోని వెదురు బద్దను కింద పెట్టి, పక్కకు తిరిగి ఉమ్మేశాడు.

"ఛీ. మనిషి పుట్కే అంత. తప్పు జేసినోని నోట్లకెల్లి తప్పన్న మాట రాదు. ఇంకోడు మెడవట్టి గుంజాలె. ఎవన్నో ఎందుకు, నన్ను జూడు."

2008 జూన్. బడులు తెరిచి నాలుగు రోజులైంది. నేను బాన్సువాడ గ్రంథాలయంలో పాత పేపర్లు కట్టలు కట్టి అటక మీద పెట్టే పని చేస్తూ, ఖాళీ దొరికినప్పుడు నిఘంటువు పక్కన పెట్టుకొని ఇంగ్లీషు పేపర్లు కూడబలుక్కునేవాణ్ని. పదకొండేళ్ల కింద నేనే ఎల్లన్నకు చదివి వినిపించిన ఒక సంగతి తప్పని తేలినట్టు ఆ వారం పేపర్లో పడింది. అప్పుడే అది తప్పన్నవాడు ఎల్లన్న. విని సంబరపడతాడని పొద్దున్నే ఉరికాను. ఆయన మొహం చూస్తే కాకరకాయ నమిలినట్టుంది.

కారణం ఆయనే చెప్పాడు. ఆ రోజు మధ్యాహ్నం రెండు గంటలకు పిట్లంలో ఆడవాళ్ల పొదుపు సంఘం కూర్చుంటుంది. బడిలో పిల్లలకు అన్నం వండే పని ఎవరికివ్వాలో తేలుస్తుంది. ఆ పని అడిగినవాళ్లలో అంజమ్మ ఒకరు. అంజమ్మ, చనిపోయిన ఎల్లన్న అన్న భార్య. ఆమెకు అడ్డం పడుతున్నది ఒక్కటే, పదేళ్ల కింద ఒక కాయితం మీద ఎల్లన్న వేసిన ఏలిముద్ర.

ఆ ఏలిముద్ర సంగతి అర్థం కావాలంటే ఎల్లన్న ఏం పని చేసేవాడో చెప్పాలి.

ఎల్లన్న ఎలుకలు పట్టేవాడు. పుట్టింది బాన్సువాడలోనే. తండ్రి నిజాంసాగర్ కాలువలో పూడిక తీసే కూలి. ఎల్లన్న పద్దెనిమిదో ఏట కాలువ కింద కోస్తా రైతులు కట్టుకున్న క్యాంపులో రత్తయ్య అనే ఆసామి దగ్గర జీతానికి కుదిరాడు. రత్తయ్య చిన్నపిల్లవాడిగా ఉన్నప్పుడే వాళ్ల నాయన కృష్ణా వైపు నుంచి వచ్చి ఇక్కడ కాలువ నీళ్ల కింద వరి పెట్టాడు. ఆ వైపు ఎలుకల్ని వెదురు బుట్టలు పెట్టి పడతారు. వంచిన బద్ద, దానికి తాడు, లోపల వేయించిన వడ్లు. ఎలుక మూతి పెట్టగానే బద్ద లేచి తాడు మెడకు బిగుసుకుంటుంది. రత్తయ్య ఆ పని నేర్పాడు. రెండు పంటలు తిరిగేసరికి బుట్ట ఏ ఒడ్డు మీద పెట్టాలో రత్తయ్యే ఎల్లన్నను అడగాల్సి వచ్చింది.

ఈ పనిలో ఒక కట్టుబాటు ఉంది. పొలంలో ఎలుక పొక్క తవ్వితే లోపల అది దాచుకున్న కంకులు బయటపడతాయి. ఒక్కోసారి తట్టెడు. ఆ వడ్లు పట్టినవాడివే, ఆసామి అడగడు. ఎల్లన్న ఇంట్లో వాటిని కడిగి, ఎండబోసి, దంచుకొని తినేవాళ్లు. ఆయన పిల్లలు సగం ఆ బియ్యంతోనే పెరిగారు. ఊరికి అది రోత. "ఎలుక ఎంగిలి తింటరు" అని మూతి తిప్పుకునేది.

"చాయ హోటల్ల నేను కూసుంటే పక్కపొంటి ఉన్నోడు లేచి ఇంకో బల్లకు పోతుండె," అని ఎల్లన్న ఒకసారి చెప్పాడు. "ఆని పొలంల పొద్దుగాలనే నలభై ఎలుకల వట్టి వచ్చిన నేను. ఆడు తినే బువ్వ మిగిలిందే గందుకు. ఆడేమో నన్ను జూసి ముక్కు మూసుకుంటడు. నాకు ఎలుకను జూస్తె ఎన్నడు రోత గాలె తమ్మి. మనిషిని జూస్తెనే అయింది."

నేను ఆయన వెంట పడింది మాత్రం ఇంకో విద్య కోసం. ఎల్లన్న పొలంలో దిగితే ముందు ఎలుకను వెతకడు, తిన్న జాగా వెతుకుతాడు. ఎలుక వడ్లగింజను అలాగే మింగదు. ముందటి పళ్లతో పొట్టు ఒలిచి అక్కడే రాల్చి, లోపలి గింజ తింటుంది. ఆ పొట్టు చూసి తిన్నది పొలం ఎలుకా, ఇంటి చుంచెలుకా, పందికొక్కా, పిచ్చుకా చెప్పేవాడు. పొట్టు తడి చూసి రాత్రి తిన్నదో, మొన్న తిన్నదో చెప్పేవాడు. ఒక రేగుగింజను నా అరచేతిలో పెట్టి, "రెండు గీతలు జోడుగ ఉన్నయి సూడు, గివి ఎలుక పండ్లు. పిట్ట గొడితె పగుల్తది, గీతలు వడయి," అన్నాడు. నాకు బడిలో ఏ సారూ అంత ఓపికగా ఏదీ చూపించలేదు.

దానికి బదులు నేను ఆయనకు పేపర్లు చదివేవాణ్ని. పొలం ఒడ్డు మీద, రత్తయ్య కూడా పక్కన ఉండగా. అలా 1997లో దీవుల సంగతి వచ్చింది.

పసిఫిక్ సముద్రం అని ఒకటుంది, మన నేల అంతా అందులో వేసినా ఇంకా నీళ్లే కనపడతాయి, అందులో ఆవగింజలు చల్లినట్టు దీవులు, ఒకదానికొకటి వందల ఆమడల దూరం, చదువూ రాతా లేని జనం వేల ఏళ్ల కిందనే పడవల మీద పోయి ఒక్కొక్క దీవిలో కాపురం పెట్టారు అని చెప్పాను. ఎట్లా పోయారన్నదానికి రాసిపెట్టినవాడు లేడు. మట్టి తవ్వి కనుక్కోవాల్సిందే. ఒక పండితుడు మాత్రం వాళ్లు కావాలని పోలేదని, చేపలవేటకు పోయి గాలికి కొట్టుకుపోయారని రాశాడన్నాను.

రత్తయ్యకు కోపం వచ్చింది. "కొట్టుకుపోవడవేంటయ్యా, అడ్డగోలు మాట."

"నువ్వెందుకు గరమైతవు పటేలా," అన్నాడు ఎల్లన్న. "మీరు గూడ గట్ల కొట్టుకొచ్చినోళ్లే అంటరు మావోళ్లు."

"అనేవాళ్లకేం, నోరుంది. మా నాయన నాలుగు సార్లు వచ్చి నేల చూసుకుని, నీళ్లు చూసుకుని వెళ్లాడు. ఆ తర్వాతే విత్తనాలు, చేమదుంపలు, అరటి పిలకలు, పాడిగేదె, కోళ్లగంప, అన్నీ ఎక్కించుకుని వచ్చాం. కొట్టుకొచ్చేవాడు అరటి పిలక పట్టుకొస్తాడా?"

దీవుల దగ్గరా అదే జరిగింది. తవ్వినచోట కోడి ఎముకలు దొరికాయి, పంది ఎముకలు, కుక్క ఎముకలు. చేమదుంప, అరటి ఆ దీవులవి కావు, ఎవరో తీసుకెళ్లి నాటినవి. ముందుగా జనం చేరిన దీవుల్లో సన్న పళ్లతో ఒత్తినట్టు చుక్కల నగిషీ ఉన్న కుండపెంకులు దొరికాయి, ఆ నగిషీ దీవి నుంచి దీవికి వెంట నడిచింది. ఒక దీవిలో దొరికిన రాతి బాడిసె, అక్కడి రాయి కాదు, సముద్రం అవతల ఇంకో దీవి కొండది. రాయి నీళ్ల మీద తేలిరాదు. చిత్తడి నేలలో లోతుకు తవ్వితే ఒక పొర దగ్గర ఉన్నట్టుండి బొగ్గు. అడవి తగలబెట్టి చోటు చేసుకున్న గుర్తు. ఇవన్నీ చెప్తుంటే రత్తయ్య తల ఊపుతూనే ఉన్నాడు. ఎల్లన్న ఒక్క మాటకే చెవి పెట్టాడు.

"ఎలుకలు లేవా?"

ఉన్నాయి. నేను చదవబోతున్నది వాటి సంగతే. ఆ జనం పోయినచోటికల్లా ఒక చిన్న గోధుమరంగు ఎలుక పోయింది. తినడానికి తీసుకెళ్లారో, సామాను సందులో దూరి పోయిందో గాని, అది పడవ లేకుండా సముద్రం దాటలేదు. కాబట్టి ఎలుక ఎప్పుడొచ్చిందో తెలిస్తే మనిషి ఎప్పుడొచ్చాడో తెలిసినట్టే.

"గిది సక్కటి మాట," అన్నాడు ఎల్లన్న. "మీ పందికొక్కు గట్లనే వచ్చింది పటేలా. మా నాయిన జెప్తుండె, కాల్వ రాకముందుగాల గంత లావుటి జీవి గీడ లేకుండెనట. మీ గడ్డి బండ్లల్లనే దిగింది."

"ఎలుకల్ని కూడా మా నెత్తినే రుద్దు. పోనీ, దాన్ని పట్టే బుట్ట కూడా మేమే తెచ్చాంలే."

కాని ఆ పేపర్లో ఉన్న అసలు కబురు వినగానే ఎల్లన్న మొహం మాడిపోయింది. దీవులన్నిట్లో ఆఖరుకు జనం చేరిన పెద్ద దీవులు న్యూజీలాండువి. అక్కడ పొయ్యి గుంటలు, రాతి పనిముట్లు, తిని పారేసిన పెద్ద పక్షుల ఎముకలు, మనిషి తాలూకు ఏ గుర్తయినా ఏడెనిమిది వందల ఏళ్ల కన్నా పాతది లేదు. ఒక పండితుడు గుహల్లో దొరికిన ఎలుక ఎముకల్ని పరీక్ష చేయించి, అవి దాదాపు రెండువేల ఏళ్ల నాటివన్నాడు. అంటే ఎవరో పడవల మీద వచ్చి, ఎలుకల్ని వదిలి, నిలవకుండా పోయి ఉంటారట.

"ఛీ, ఏం ముచ్చటది," అన్నాడు ఎల్లన్న. "పిల్లి లేదు, పాము లేదంటివి. గసొంటి జాగల జత ఎలుకల్ని ఇడిస్తె ఏండ్లల్ల దీవి నిండుతది. మనిషి లేకుండ వెయ్యేండ్లకు పైన ఆడ ఏం దిన్నయి?"

గింజలు, పురుగులు, పిట్ట గుడ్లు అన్నాను.

"మరి పొట్టు ఏది? గింజ తిన్నంక చిప్ప మిగులుతది గదా. కొరికిన చిప్ప రెండువేల ఏండ్లది ఒక్కటన్న దొరికిందా? బొక్కలు వట్టుకొని రాస్తిన్రు, పొట్టు ఎతికిన్రా? ఎతకకుండ రాసినోని రాతను నువ్వెట్ల సదువుతవు నాకు?"

వెతికినట్టు పేపర్లో లేదన్నాను. ఆయన అంతటితో వదల్లేదు, వారం రోజులు ఎక్కడ కనపడ్డా, "దొరికిందా పొట్టు?" అని అడిగేవాడు. అబద్ధం ఆయనకు కుళ్లువాసనలాగా తగిలేది. ఏ మూల నుంచి వస్తుందో కనుక్కునేదాకా కూర్చోలేడు.

అందుకే మరుసటి ఎండాకాలం జరిగింది ఆయన ఎన్నడూ నాకు చెప్పలేదు. ఏలిముద్ర వేసిన సంగతి ఊరంతా తెలిసిందే గాని, అసలు జరిగింది ఆయన నోటి నుంచి విన్నది 2008లో ఆ పొద్దుననే.

అంజమ్మ మొగుడు పోయాక బాన్సువాడలో ఒక వడ్ల వ్యాపారి గోదాం ఊడ్చే పనికి కుదిరింది. గోదాం అంతా చూసుకునేది దేవిదాస్ అనే గుమాస్తా. ఎండాకాలం కొనుగోళ్లయ్యాక సేటు వచ్చి చూస్తే రెండొందల బస్తాలు తక్కువపడ్డాయి. దేవిదాస్ ఎలుకలన్నాడు. సేటు నమ్మలేదు, ఎలుకలు పట్టేవాణ్ని పిలిపించమన్నాడు.

"నేను పోయేటాళ్లకు గోదాంల పదిహేను ఎలుకలు సచ్చి పడున్నయి," అన్నాడు ఎల్లన్న. "వరుసగ. చాదర్ మీద సామాను వెట్టినట్టు. నేను వంగి జూసిన. మెడల మీద తాడు గీత ఉంది, కడుపు కింద బురద. గవి గోదాం ఎలుకలు గావు. నా బుట్టలల్ల వడ్డయే. ముందటి దినం క్యాంపు ఒడ్డు మీద కుప్పవోసినయి, బొంద వెట్టకముందే ఎవడో ఏరుకపోయిండు. నేను కుక్కలనుకున్న."

"నువ్వు చెప్పలేదా?"

"ఇను. గోనె సంచులు సూసిన. ఎలుక కొరికితే అంచు పీసులు పీసులు అయితది. గియ్యి హమాలీ కొక్కెంతోని గీరినయి. గోడ పొంటి ఎలుక నడిస్తే ఒంటి జిడ్డు అంటి నల్ల చార వడ్తది. చార లేదు. ఒక పక్క చుంచెలుక పెంటికలు గిన్ని ఉన్నయి, ఏ గోదాంల ఉండయవి. రెండొందల బస్తాలు ఎలుకలు తింటె పొట్టు మోకాళ్ల దాక ఉండాలె. పిడికెడు లేదు."

అక్కడ ఆగి, నీళ్లచెంబు ఎత్తి పుక్కిలించి ఉమ్మేశాడు. మళ్లీ చెప్పాడు.

"అంజమ్మ వదినె మూలకు నిలవడ్డది, చీపురు చేతులనే ఉంది. నన్ను జూసి ఆమెకు పానం లేచొచ్చింది. 'ఎల్లా, నువ్వు జెప్పు. దినాం ఊడ్చేదాన్ని నేను. పొట్టు ఉంటె నా చీపురుకు తాకదా? పొట్టు ఏది?' అన్నది. తమ్మీ, గా మాట నేను గా దీవులోన్ని అడిగింది ఏడాది గాలె. ఆమె నన్ను అడుగుతుంది. నేను నా కాళ్ల దిక్కు జూసుకుంట నిలవడ్డ."

"దేవిదాస్ ఏమన్నాడు?"

"ఆడు మిర్చి బజ్జీ తింటుండు. సచ్చిన ఎలుకలు పక్కకు వెట్టుకొని. నూనె వేళ్లు కాయితానికి తుడిసి, 'గోదాంల ఎలుకలు ఉన్నయా లేవా, ఒక్క ముక్క జెప్పు' అన్నడు. ఉన్నయి అన్న. 'గదే రాసిన, ఏలు పెట్టు' అన్నడు. చెవుల దగ్గరికి వచ్చి, వచ్చే పంట నుంచి సేటు గోదాములన్ని నీకే అన్నడు. ఆని నోట్ల మిరపకాయ వాసన గిప్పటికి నా ముక్కుల ఉంది."

"భయపెట్టాడా?"

"ఊకో. భయమైతె జెప్పుకోవచ్చు. ఆశ. రేకుల ఇల్లు ఏసుకోవాల్నని ఉండె నాకు."

ఆ కాయితంలో ఎలుకలు ఉన్నాయని మాత్రమే లేదు. ఊడ్చే మనిషి శుభ్రం చేయక ఎలుకలు పెరిగి వడ్లు తిన్నాయని ఉంది. ఎల్లన్నకు చదువు రాదు. కాని చదివి వినిపించమని అడగలేదు. అంజమ్మను ఆ సాయంత్రమే పనిలోంచి తీసేశారు. వడ్లు ఎక్కడికి పోయాయో ఎవరూ వెతకలేదు. ఆ నెలలో గోదాం వెనక గేటు నుంచి సరిహద్దు దగ్గరి మద్నూర్ వైపు వడ్ల లారీలు పోయాయని హమాలీలు తమలో తాము అనుకున్నారు. అంతవరకే.

బాన్సువాడలో ఆమెకు ఎలుకల అంజమ్మ అని పేరు పడింది. ఇళ్లలో అంట్లు తోమే పని అడిగినా, "నీ ఎంబడి ఎలుకలు వస్తయేమో" అని నవ్వేవాళ్లు. ఆమె కూతురు నవతను తీసుకొని పుట్టినూరు పిట్లం పోయి బీడీలు చుట్టుకుంటూ బతికింది. ఎల్లన్న అన్న సంవత్సరీకానికి వచ్చింది గాని, ఎల్లన్న విస్తరి వేస్తే లేచి నిలబడింది. "ఎలుక ఎంగిలి తినొచ్చు. నీ చేతిది తినలేను," అన్నది అందరి ముందు. తర్వాత మళ్లీ మాట లేదు.

ఎల్లన్నకు రేకుల ఇల్లు అయింది. గోదాములు రెండేళ్లే ఉన్నాయి. ఆ తర్వాత సేటు మందు పెట్టించడం మొదలుపెట్టాడు. మందు తిన్న ఎలుకలు గోడ సందుల్లో చచ్చి కుళ్లేవి. వాటిని గుంజి పారేయడానికి మళ్లీ ఎల్లన్నను పిలిచేవాళ్లు. ఒక రోజు ఆ వాసనకు కక్కుకున్నాడు. జీవితంలో మొదటిసారి ఎలుకను చూసి కక్కుకున్నానని, తనకు అయిన శాస్తి అదేనని నాతో అన్నాడు. అప్పుడు ఆ మాట నాకు అర్థం కాలేదు.

ఇక ఈ జూన్‌లో పిట్లం బడిలో వంట పని. సంఘానికి పెద్ద లక్ష్మవ్వ. అంజమ్మ చేతి వంట బాగుంటుందని ఆమెకూ తెలుసు. కాని మొన్నటి మీటింగులో ఎవరో, "గోదాంల ఎలుకల మేపిన మనిషిని పిల్లల బియ్యం కాడ పెడ్తమా?" అన్నారట. దానికి కాయితం కూడా ఉందన్నారట. లక్ష్మవ్వ ఎటూ తేల్చకుండా ఇవాళ్టికి వాయిదా వేసింది. ఈ కబురు ఎల్లన్నకు ఆటో నడిపే రూప్‌సింగ్ ఆ పొద్దుననే తెచ్చాడు. నేను వెళ్లేటప్పటికి ఎల్లన్న పొద్దటి బువ్వ ముట్టలేదు.

"ఇగ చదువు నీ పేపరు," అన్నాడు. "ఏం దొరికినయి?"

చదివాను. పదకొండేళ్లకు ఇంకో పండితుల జట్టు ఆ దీవుల్లోనే చిత్తడి నేలలు తవ్వింది. బురదలో పాతకాలపు గింజల చిప్పలు చెడకుండా ఉన్నాయి. వంద పైచిలుకు ఏరి, ఒక్కొక్కటీ ఎంత పాతదో పరీక్ష చేశారు. బతికినది ఏదైనా చచ్చిన దగ్గర్నుంచి దాని లోపలి ఒక పదార్థం తరుగుతూ పోతుంది, ఎంత తరిగిందో చూస్తే వయసు తెలుస్తుంది. పిట్ట ముక్కుతో పగలగొట్టిన చిప్పలు ఎంత పాతవైనా ఉన్నాయి. ఎలుక పంటి గీతలున్న చిప్పలు మాత్రం ఏడొందల ఏళ్ల లోపువే. అంతకు ముందుది ఒక్కటీ లేదు. పాత గుహలకే మళ్లీ పోయి కొత్తగా ఎలుక ఎముకలు తీసి చూస్తే అవీ అంతే. ముందటి లెక్క ఎందుకు తప్పిందో ఇంకా వాదన ఉంది. ఎలుకా మనిషీ కలిసే వచ్చారు. వచ్చిన తర్వాతే పొట్టు.

"నువ్వు అడిగిందే వెతికారన్నా," అన్నాను. "నువ్వు ఒడ్డు మీద కూర్చుని అన్న మాట."

ఎల్లన్న నవ్వలేదు. "నేను అడిగి ఏం లాభం. సముద్రం అవతలోన్ని అడిగిన. నా బొటనేలు కాడికి వచ్చేటాళ్లకు నోరు వడిపాయె." ముట్టని బువ్వ గిన్నెను పక్కకు జరిపాడు. "పదకొండేండ్లకైనా పోయి తవ్విన్రు. నా తప్పు తవ్వేటందుకు ఎవలు రారు. దేవిదాస్ రాడు, సేటు రాడు. నేనే తవ్వుకోవాలె. కాయితం తియ్యి."

నేను తొందరపడొద్దన్నాను. దేవిదాస్ ఇంకా అక్కడే ఉన్నాడు, క్యాంపుల్లో ఆయన మాట నడుస్తుంది, ఉన్న పొలాల పని కూడా పోతుంది, పైగా అబద్ధపు ఏలిముద్ర వేశానని రాసి ఇస్తే రేపు దాంతోనే నిన్ను పట్టుకోవచ్చు అన్నాను.

"పట్టనీ. నా మెడకు తాడు వడ్డ దినం దేవిదాస్ వేళ్లు గుడ వాసనొస్తయి. రాయి."

నా సంచిలో ఉన్న తెల్లకాయితం తీశాను. ఆయన చెప్తుంటే రాశాను. గోదాంలో చచ్చి ఉన్నవి పొలం ఎలుకలని, మెడల మీద తన బుట్టల తాడు గీతలున్నాయని, సంచులు కొక్కెంతో చీరినవని, పొట్టు పిడికెడు కూడా లేదని, అంజమ్మ శుభ్రంగా ఊడ్చిందని, అయినా ఆ కాయితం మీద తాను ఏలిముద్ర వేశానని. చివర నేను నా అంతట నేను ఒక మాట కలిపాను. రాసింది చదివి వినిపించమన్నాడు. చదివాను.

"ఆగు. ఏమన్నవ్? తెలవక ఏసిన్నా?"

"చదువు రాదు కదన్నా, అందులో ఏముందో నీకు తెలియదు కదా."

"కొట్టెయ్. చదువు రాకుంటె కండ్లు లెవ్వా నాకు? తెలిసే ఏసిన. గదే రాయి. నువ్వు గిట్ల తేనె పూస్తె ఆడోళ్లు నమ్ముతరా?"

కొట్టేసి, తెలిసే వేశానని రాశాను. ఆయన నా పెన్నులోంచి రీఫిల్ గుంజి, మూతి కొరికి, సిరా బొటనవేలికి పూసుకున్నాడు. కాయితం మీద ఒత్తి, ఎత్తి, వేలి గీతలు సరిగ్గా పడ్డాయో లేదో వెలుతురుకు పట్టి చూశాడు. ఎలుక కొరికిన గింజను చూసినట్టే చూశాడు. తర్వాత వేలిని నేలకు రుద్దీ రుద్దీ తుడుచుకున్నాడు.

"నువ్వూ రా," అన్నాను. "నీ నోటితోనే చెప్పు."

"నన్ను జూస్తె ఆమె లేసి పోతది. ఆమె పోతె పని పోతది. నా మొకం జూపెట్టుకునేటందుకు ఇవాళ గాదు. పని దొరికి, ఆమె పొయ్యి ఎలిగినంక పోత. తిడ్తె తిట్టనీ."

బయట రూప్‌సింగ్ ఆటో హారన్ కొడుతున్నాడు. బస్టాండు దాకా దింపడానికి ఎల్లన్నే చెప్పి పెట్టుకున్నాడట, నేను ఒప్పుకోకముందే. పన్నెండింటికి పిట్లం బస్సు. కాయితాన్ని నాలుగు మడతలు పెట్టి నా జేబులో ఆయనే దోపాడు.

"లక్ష్మవ్వ చేతికి ఇయ్యకు. ఇస్తె మడిసి బొడ్ల దోపుకుంటది, పెద్దమనిషి గదా, నా పరువు పోతదని. అంజమ్మ చెవుల జెప్పకు. అందరు కూసున్నంక నిలవడి సదువు. గట్టిగ సదువు, ఎన్కకు కూసున్నోళ్లకు ఇనవడాలె. నా పేరు వచ్చిన కాడ ఆగి, ఇంకోపారి సదువు."

"రెండుసార్లా?"

"ఆమె పేరు పదేండ్లు సదివిన్రు గదా ఊరోళ్లు. పో, బస్సు పోతది."